మా మామ చూడని మట్టిపిట్ట

కాపురానికి వచ్చిన కొత్త కోడలికి అత్తగారు తాళంచెవుల గుత్తి ఇస్తుందని విన్నాను. మా అత్త నాకు చీపురుకట్ట ఇచ్చింది. అది కూడా సగం అరిగినదే. కొన్నాళ్ళు పోయాక మా మామ తుపాకి ఇచ్చాడు. ఈ మాట చెబితే ఇప్పటి నా మనవరాళ్ళు నమ్మరు. ముసల్ది కోతలు కోస్తోందని ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. నమ్మకపోతే పోనీ, నా కుడి భుజానికి తెలుసు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊరినిండా గుడారాలు వేసి ఆఫీసులు నడుపుతున్నారని, ఏ గుడారంలో ఏ అధికారి ఉన్నాడో తెలియక జనం అర్జీలు పట్టుకుని ఎండలో తిరుగుతున్నారని మా ఆయన వచ్చి చెప్పేవాడు. ఆయన డోన్ స్టేషనులో సామాన్ల గుమాస్తా. ఆదివారం ఆదివారం ఇంటికి వచ్చేవాడు. మిగతా వారమంతా ఇంట్లో అత్త, మామ, నేను, పాలకోసం ఒక ఎనుము. మా ఊరు బేతంచెర్లకు బండి మీద ఒక పూట ప్రయాణం. అక్కడ జానెడు లోతు తవ్వితే నాపరాయి తగులుతుంది. పలకలు దొరికినంతవరకు తవ్వి లారీలకు ఎత్తుకుని, ఇక రాయి లేదనుకున్నాక గుంతను ఊరికి వదిలేసి పోయేవాళ్ళు. అట్లా వదిలేసిన గుంత ఒకటి మా శనక్కాయ చేను పక్కనే ఉండేది. మేకపిల్లలు అందులో పడి అరవడం తప్ప దానితో ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు.

మామ వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు దండులో పనిచేశాడు. సిపాయిగా కాదు, దొరలు సాయంత్రం పూట ఆడుకునే మైదానంలో పనివాడుగా. ఆ దొరలకు ఒక ఆట ఉండేదట. బోర్లించిన చిన్న మూకుడులాంటి మట్టిబిళ్ళను ఒక యంత్రం ఆకాశంలోకి విసురుతుంది. అది ఎగిరిపోతుండగానే తుపాకితో కాల్చి పగలగొట్టాలి. దానికి మామ పెట్టుకున్న పేరు మట్టిపిట్ట. యంత్రం ఉండేది గుంతలో. గుండ్లు తగలకుండా గుంతమీద చెక్కల కప్పు. పైనుంచి దొర ‘పుల్’ అని అరిస్తే లోపల కూర్చుని మీట లాగడం మామ పని. లాగగానే పిట్ట రివ్వున బయటికి పోయేది. ఆ తరువాత ఆయనకు కనిపించేవి కప్పు చెక్కలే. తుపాకి ఢామ్మనేది. దొర నవ్వితే పిట్ట పగిలినట్టు, తిట్టుకుంటే తప్పిపోయినట్టు. తెల్లవారి మైదానం ఊడ్చి పెంకులు ఎత్తిపోసేది కూడా మామే.

“నా చేతిమీద పోయినన్ని పిట్టలు ఆ దొరలెవురూ చూసుండరు పాపా,” అన్నాడు ఒకనాడు నాతో. “ఒగటన్నా పగలంగ నేను చూడల్యా.”

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పటికే మామ కుడికంట్లో పొర పూర్తిగా కమ్మేసింది. ఎడమకంట్లో మొదలైంది. కర్నూలు ఆసుపత్రికి పోతే కోత కోసి పొర తీస్తారని మా ఆయన బతిమాలేవాడు. కోతకు పోయి ఉన్న కాస్త చూపూ పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి కథ చెప్పి మామ ప్రతిసారీ తప్పించుకునేవాడు. ఆ పెద్దమనిషి ఊరు ఒకసారి పత్తికొండ, ఒకసారి నంద్యాల అయ్యేది. ఏదేమైనా ఉన్న ఒంటికన్ను మూసుకుపోయే లోపల ఒక్క మట్టిపిట్ట ఆకాశంలో పగలడం చూడాలని ఆయన కోరిక. తీర్థయాత్ర అడగలేదు, పట్టుపంచె అడగలేదు. ఈ ఒక్కటే అడిగాడు.

తుపాకి ఇంట్లోనే ఉండేది. మామ వాళ్ళ అన్నది, జోడుగొట్టాలది. చేలో పడే అడవిపందుల కోసం లైసెన్సు ఇచ్చారు. అన్న పోయాక అది మామ పేరుమీదికి వచ్చింది. కానీ యుద్ధం రోజుల్లో లారీ తిరగబడి మామ కుడిభుజం విరిగింది, ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. అందుకని తుపాకిని నడుముకు ఆనించుకుని ఆకాశంలోకి పేల్చేవాడు. పందులకు కూడా అది అలవాటైపోయింది. శబ్దం కాగానే మర్యాదకు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ శనక్కాయలు తవ్వుకునేవని అత్త చెప్పేది.

తాను కాల్చలేడు కాబట్టి మామ మొదట కొడుకును అడిగాడు. మా ఆయన చాలా మంచివాడు. రైలు కూత పెడితే చెవులు మూసుకునేవాడు, స్టేషనులో ఉద్యోగం చేస్తూ కూడా. తండ్రి మాట కాదనలేక తుపాకి అందుకుని, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని కాల్చాడు. తుపాకి పేలింది ఒక్కసారే గానీ పడినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఆయన, రెండోవాడు ఆయన్ను పట్టుకోబోయిన మామ. ఆ తరువాత ఆ ఇద్దరి మధ్య తుపాకి ప్రసక్తి రాలేదు.

నా వంతు ఎట్లా వచ్చిందో చెబుతాను. మా పుట్టిల్లు పత్తికొండకు అవతల, జొన్నచేల ఊరు. కంకి పాలుపట్టిన నాటినుంచి కోతదాకా ఆడపిల్లలమంతా మంచెలెక్కి పిట్టలను తోలేవాళ్ళం. చేతిలో వడిసెల. తాడుతో అల్లిన బుట్టలో రాయి పెట్టి, తలచుట్టూ తిప్పి, ఒక కొస వదిలితే రాయి చేను ఈ గట్టునుంచి ఆ గట్టుకు పోతుంది. మా అవ్వ పెట్టిన కట్టు ఒకటుండేది. రాయి పిట్టకు తగలకూడదు, దాని ముక్కు ముందరనుంచి పోవాలి. ముందు రాయి పోతే గుంపంతా వెనక్కి తిరుగుతుంది. తగిలితే పడేది ఒక్క పిట్టే, మిగతా గుంపు చేలో దిగుతుంది. పైగా పంట ఇల్లు చేరకముందు చేలో రక్తం పడకూడదు. ఎవరి రాయికైనా పిట్ట చచ్చిందా, ఆ పంటకాలమంతా ఆ పిల్లను మంచె ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నేను ఒక్క పంటకు కూడా మంచె దిగలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

అత్తగారింట్లో ఒకనాడు వాకిట్లో జొన్నలు ఎండబోశాను. పక్కింటి పోతుమేక వచ్చి మూతి పెట్టింది. వడిసెల లేకపోతేనేం, పైట కొంగులోనే బెడ్డ పెట్టి తిప్పి వదిలాను. బెడ్డ మేక ముక్కును గాలితో తాకి పోయింది. మేక వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది. అరుగుమీద కూర్చున్న మామ ఉన్న కన్నుతోనే అది చూశాడు. ఆ సాయంత్రమే తుపాకి తెచ్చి నా ముందు పెట్టాడు.

అత్త ఊరుకుంటుందా. ముందు నన్ను తిట్టింది, తరువాత మామను తిట్టింది, తీరిక చూసుకుని తుపాకిని కూడా తిట్టింది. పందులకని తెచ్చుకునే తూటాలు మూకుళ్ళమీద పేలుస్తారా అంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే విన్నాను గానీ మట్టిపెంకు మీద బ్రహ్మాస్త్రం ఈ ఇంట్లోనే చూస్తున్నానంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. లైసెన్సుకు ఏడాదికి ఇన్నే తూటాలని లెక్క. మా ఆయన కర్నూలుకు పోయి తెచ్చిన పెట్టె ఒకటే ఇంట్లో ఉంది. అది అయిపోతే మళ్ళీ ఏడాదికే. ఏడాదికి మామ కన్ను ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు?

ముందు పిట్టలు కావాలి కదా. మామ కుమ్మరాయన దగ్గరికి పోయి, పలచగా, తేలికగా, తగిలీతగలకముందే పగిలిపోయే మూకుళ్ళు చెయ్యమని అడిగాడు. కుమ్మరాయన తిరుగుతున్న చక్రాన్ని చేత్తో ఆపేశాడట.

“నామీద నీకేమన్నా పగ ఉండాదా అప్పా?” అన్నాడట.

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని లోకం తమను ఎగతాళి చేస్తుంటే, ఆ దుడ్డుకర్ర పెట్టుకు కూడా పగలని కుండ చెయ్యాలని తాత ముత్తాతలనాటినుంచి పాటుపడుతున్నామన్నాడు. ఇప్పుడొచ్చి పగిలే కుండలు చెయ్యమంటే వంశం పరువు ఏం కావాలన్నాడు. మామ బెంగుళూరు దొరల కథంతా చెప్పాడు. దొరలకు బుద్ధి లేదని కుమ్మరాయన తేల్చాడు. చివరికి పాతస్నేహం కొద్దీ ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి గంపెడు మూకుళ్ళు వచ్చాయి. నున్నగా, ఎర్రగా, కంచులా మోగుతున్నాయి.

మామ అప్పటికే గుంతమీద దండులోలాగే సగందాకా చెక్కల కప్పు వేసి, లోపల తన యంత్రం సిద్ధం చేసుకున్నాడు. బేతంచెర్ల లారీ షెడ్డులో పారేసిన కమాను పట్టీ ఒకటి అడిగి తెచ్చి, గుంజకు బిగించి, కొసన చెక్కదోనె కట్టాడు. పట్టీని వెనక్కి వంచి కొక్కేనికి తగిలించి, తాడు లాగితే చాలు. మొదటి మూకుడు లేచి, కాకులు బెదిరేటంత ఎత్తుకు పోయి, దూరంగా నాపరాతి బండమీద పడింది. పడి, ఠంగుమని మోగి, దొర్లుకుంటూ వచ్చి, చూడటానికి వచ్చిన కుమ్మరాయన కాళ్ళదగ్గర ఆగింది. చిన్న పెచ్చు కూడా ఊడలేదు. ఆయన దాన్ని తీసి, భుజంమీది కండువాతో తుడిచి, చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించాడు. ఆ ముఖంలో ఆనందం చూస్తే మామకు తిట్టడానికి నోరు రాలేదు. మళ్ళీ ఒక పూటంతా కూర్చుని బతిమాలితే, సగం కాలిన పలచటి మూకుళ్ళు చెయ్యడానికి ఒప్పుకున్నాడు. అవి తన చేతివని ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాడు. గోనెపట్టా కప్పి పొద్దుపొడవకముందే పంపేవాడు. ఊళ్ళోవాళ్ళు మా ఇంటికి దొంగసారా వస్తోందనుకున్నారు.

ఇక నా చదువు మొదలైంది. మామ తుపాకి పాఠమంతా చెవులతో నేర్చుకున్నది. గురి తప్పినప్పుడు దొరలు ఏమేమి తప్పయిందని తమను తాము తిట్టుకునేవాళ్ళో అవన్నీ గుంతలో కూర్చుని విని కంఠతా పట్టాడు. తుపాకి వెనక కట్టెను భుజం గుంటలోకి అదుముకోవాలి, చెంప దానికి ఆనించాలి, గొట్టం ఆపకూడదు, పిట్టతోపాటు జరుగుతూనే ఉండాలి. నేను చీరచెంగు నడుముకు బిగించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. ఇదేమంత పని అనుకున్నాను. మంచెమీద పెరిగినదాన్ని, ఎగిరే పిట్ట సంగతి నాకు ఒకరు చెప్పాలా?

మొదటి చిక్కు తుపాకితో రాలేదు, నోటితో వచ్చింది. పిట్టను వదలమని నేను కేక వెయ్యాలి. మా పక్క కోడళ్ళు మామ ముందు గొంతెత్తరు. చెప్పాల్సిందేదైనా ఉంటే గోడకో ఎనుముకో చెప్పినట్టు చెబుతారు. ‘ఎనుమా, సద్ది పెట్టినా’ అంటే మామ లేచి కాళ్ళు కడుక్కుంటాడు. అట్లాంటిది గుంతలో ఉన్న మామను, నలుగురూ చూస్తుండగా, లాగు అని ఆజ్ఞాపించడం ఎట్లా? నేను గొణిగిన గొణుగుడు గుంత అంచు దాకా కూడా పోలేదు. మామ కాసేపు చూసి, వినపడకపోయినా అంచనా మీద లాగేవాడు. అప్పటికి నేను తుపాకి దించి చెమట తుడుచుకుంటూ ఉండేదాన్ని.

గట్టుమీద శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్న అత్త ఇదంతా చూసి చూసి విసిగిపోయింది. నేను తలూపగానే ఆమె అరవడం మొదలుపెట్టింది.

“లాగయ్యా,” అని కొండలు మోగేటట్టు అరిచింది.

పెళ్ళయినప్పటినుంచి ఆ మాట అనడానికి ఆమె ఎదురుచూస్తున్నట్టు నాకు అనిపించింది. మరునాటినుంచి అత్త మాకంటే ముందే వచ్చి గట్టుమీద కూర్చునేది. తూటాలు పందులకని సణుగుతూనే వచ్చేది.

నేను కాల్చాను. భుజం మీద గాడిద తన్నినట్టయింది. పిట్ట మాత్రం హాయిగా ఎగిరి, హాయిగా దిగి, బండమీద పడి పగిలింది. రెండోది కూడా అంతే. మూడోదీ అంతే. గట్టుమీద చేరిన ఊరివాళ్ళు ఎవరికి తోచిన సలహా వాళ్ళు ఇచ్చారు. నేను ఎండను తప్పుపట్టాను, గాలిని తప్పుపట్టాను, చీరను తప్పుపట్టాను. చివరికి మూకుడు వంకరగా ఉందన్నాను. ఆడలేక మద్దెల ఓడు అని ఎవరో అంటే మూడురోజులు వాళ్ళింటిముందు నడవలేదు. రాత్రి అన్నం కలుపుకోవడానికి కుడిచెయ్యి లేచేది కాదు. అత్త తవుడు మూటకట్టి వేడిచేసి భుజానికి కాపడం పెట్టేది. పెట్టినంతసేపూ తిట్టేది. మూట మాత్రం చల్లారనిచ్చేది కాదు.

వీటన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. తుపాకి మోగగానే గుంతలోంచి మామ గొంతు వచ్చేది. ఏమాయె పాపా అని అడిగేవాడు. ప్రతిసారీ అదే ఆశతో అడిగేవాడు. తప్పిపోయింది మామా అని నేను చెప్పాలి. పోనీలే, గాలి అట్లుండాది అని ఆయనే నన్ను ఓదార్చేవాడు. తిట్టినా బాగుండేది. ఆ పోనీలే వినలేక ఏడుపు వచ్చేది నాకు. పెట్టెలో తూటాలు తరిగిపోతున్నాయి. ఆయన కన్ను కూడా తరిగిపోతోంది. పొద్దున చెంబు అందిస్తే చెంబుకు ఇవతల గాలిని పట్టుకునేవాడు.

ఒకనాడు నా తూటా ఎప్పటిలాగే వృథా అయ్యాక అత్త ఒలుస్తున్న చాట పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.  మీ ఊళ్ళో వడిసెల రాయి పిట్టకు తగిలితే ఏంచేస్తారని అడిగింది. మంచె దింపేస్తారని చెప్పాను. నేనెప్పుడూ దిగలేదని గొప్పగా కూడా చెప్పాను.

“మాదీ జొన్నచేల ఊరే,” అంది అత్త. “నువ్వు దీన్ని కొట్టల్యా మే. తోల్తాండావు.”

 నిజమే. ఒక్కొక్క కాల్పూ గుర్తు చేసుకుంటే గుండ్లన్నీ పిట్ట ముక్కు ముందరనుంచే పోయాయి. జానెడు కూడా అటూ ఇటూ కాలేదు. అవి మట్టిపిట్టలు కాబట్టి గానీ, నిజం పిట్టలైతే గుంపులు గుంపులుగా వెనక్కి తిరిగి ఉండేవి. చిన్నప్పటినుంచి తగలకుండా వెయ్యడమే నేర్చుకున్న చెయ్యి ఇది. తగలకపోవడంలో నన్ను మించినవాళ్ళు జిల్లాలో లేరు.

మరి ఇప్పుడెట్లా అన్నాను. అత్తకు అదొక పెద్ద సమస్యగా కనిపించలేదు. ఈ ఊళ్ళో పలక ఎత్తితే తేలు. వచ్చిన కొత్తలో ఒకటి నా పాదం పక్కకు వస్తే చెప్పు తీసి ఒక్క దెబ్బకు బండకు అంటించాను. అది అత్త చూసింది. ఇంట్లో నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క సందర్భం అది.

“తేలును తోల్తావా, కొడ్తావా?” అంది. “ఈడ చేనూ ల్యా, కంకీ ల్యా. అది తేలనుకో.”

అత్తమీద కోపం దుత్తమీద అని సామెత. ఆ పూట నాకు ఆ సామెత ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. అరిగిన చీపురుకట్టను తలచుకున్నాను, కాపడం పెడుతూ తిట్టిన తిట్లు తలచుకున్నాను, పైకి తేలు అనుకున్నాను. అత్త లాగయ్యా అంది. పిట్ట లేచింది. నా చెయ్యి అలవాటుగా ముందుకు పోబోయింది, పోనివ్వలేదు. తుపాకి మోగగానే గాలిలో మూకుడు లేదు. గుప్పెడు పెంకులు వడగళ్ళలా బండమీద రాలాయి.

గట్టుమీద జనం లేచి అరిచారు. అత్త చాట కిందపడి శనక్కాయలు చెల్లాచెదరయ్యాయి. నేను గంతులేశాను, తుపాకితో సహా. అందరం అరిచి అరిచి ఆగాక గుంతలోంచి మామ తల బయటికి వచ్చింది. పనిచేయని చేతితో గుంత అంచు పట్టుకోలేక, మోచేతిమీద పాక్కుంటూ వచ్చాడు. అప్పటికి ఆకాశం ఖాళీగా ఉంది. ఆయన బండదగ్గరికి పోయి, తడిమి, ఒక పెంకు ఏరుకున్నాడు.

“మళ్ళా పెంకులే వచ్చె నా చేతికి,” అని నవ్వాడు.

 ఆయన్ను గుంతలోనే ఉంచి నేను కాల్చేశాను, ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. గెలిచిన సంతోషం నాలో సగం చచ్చిపోయింది. యంత్రాన్ని మామ తప్ప ఎవరూ తాకకూడదని నియమం. ముందు గురి కుదరనీ, కుదిరాక బయటికి వస్తానని ఆయనే అనేవాడు. ఇప్పుడు కుదిరింది. పెట్టెలో మిగిలింది ఒక్కటే తూటా.

ఆదివారం మా ఆయన వచ్చాడు. తాడు తాను లాగుతానన్నాడు. చెవుల్లో దూది పెట్టుకుని గుంతలో దిగాడు. మామ ఉతికిన పంచె కట్టుకుని నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఇంతకాలానికి దొర నిలబడే చోట నిలబడ్డాడన్న మాట. అత్త అరిచింది, మా ఆయన లాగాడు, పిట్ట చక్కగా లేచింది. నేను గొట్టం దానివెంట తిప్పుతూ, ఎందుకో ఒక్క క్షణం మామ వైపు చూశాను. ఆయన ముఖమంతా వెలిగిపోతోంది. కానీ పిట్ట తూర్పున పోతుంటే ఆయన పడమటి వైపు చూస్తున్నాడు. మట్టిరంగు బిళ్ళ మట్టిరంగు గుట్టమీదుగా పోతుంటే పొర కమ్మిన కంటికి ఎట్లా కనపడుతుంది? నేను తుపాకి మీట నొక్కకుండానే దించేశాను.

పాయెనా అని మామ అడిగాడు. లేదు మామా, ఆయన సరిగ్గా లాగలేదు అన్నాను. గుంతలోంచి తల పైకెత్తిన మా ఆయన, తాను చేసిన తప్పేమిటో అర్థంకాక, అయినా సరే అవునని ఒప్పుకున్నాడు. అందుకే చాలా మంచివాడని చెప్పాను. అత్త మాత్రం మా ఇద్దరినీ చూడలేదు. ఆమె మామ ముఖాన్నే చూస్తోంది. తరువాత గంపలోంచి ఒక మూకుడు తీసుకుని ఇంటివైపు నడిచింది.

తిరిగి వచ్చేటప్పుడు మూకుడును రెండు చేతులతో పాలచెంబు తెచ్చినట్టు పట్టుకొచ్చింది. దానిమీద కాగితం వేసి గంజితో అంటించింది. ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. లోపల నింపింది గడపలకు, అరుగులకు పూసే జాజుపొడి. ఏమిటత్తా అని అడగబోయాను, నోరు మూసుకోమన్నట్టు చూసింది. కొడుకును గుంతలోంచి బయటికి రమ్మంది. చీర ఎత్తి దోపి తానే దిగింది. దండులో దొరలకు లాగినవాడి పెళ్ళాన్ని, ఆమాత్రం నాకు రాదా అని లోపలినుంచే అంది.

ఇక అరవాల్సినది నేనే. మామ మీద గొంతెత్తడమే తప్పనుకుంటే ఇప్పుడు అత్తమీద ఎత్తాలి. మామను చెయ్యి పట్టుకుని తూర్పుకు తిప్పి నిలబెట్టాను. ఆకాశం ఎక్కడా మచ్చ లేకుండా ఉంది.  ఈ తూటా తప్పితే మళ్ళీ ఏడాది, ఆ ఏడాదికి ఆయనకు ఈ తూర్పు కూడా ఉండదు. గొంతులో ఉన్న బలమంతా కూడగట్టుకుని లాగు అత్తా అని అరిచాను. మా కాపురం మొత్తంలో అంత గట్టిగా నేను ఆమెను పిలవడం అదొక్కసారే.

మూకుడు బరువుగా, కొంచెం తక్కువ ఎత్తుకు లేచింది. నేను కాల్చాను. ఆకాశంలో ఎర్రటి మేఘం ఒకటి పుట్టింది. ఒక చోట ముద్దగా విచ్చుకుని, గాలికి మెల్లగా సాగి, శనక్కాయ చేను మీదికి జరిగింది. మామ తల కూడా దానితోపాటే జరిగింది. నోరు తెరిచి, మెడ సాచి, అది పలచబడి పోయేదాకా ఆయన దానివెంటే తిరిగాడు. మా ఆయన చెవుల్లోంచి దూది తీశాడు.

“చూస్తివా?” అని గుంతలోంచి అత్త అడిగింది.

మామ గుంత అంచుదాకా నడిచి, అక్కడ చతికిలబడి, కాళ్ళు లోపలికి వేలాడేశాడు. లోపల ఉన్నవాళ్ళకు ఏమీ కనపడదని ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? చూసినా అన్నాడు. అంతటితో ఆగలేదు. పిట్ట ఎట్లా లేచిందో, ఎక్కడికి పోయాక పగిలిందో, ఎరుపు మొదట ఎంత ఉండిందో, తరువాత ఎంతైందో, చేను మీద ఏ మూలకు పోయి కరిగిందో వరుసగా చెప్పుకుంటూ పోయాడు. ఒక్క మాటను పూర్తి చేయనివ్వకుండా మామతో కాపురం చేసిన మా అత్త, ఎర్రటి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ గుంతలోనే కూర్చుని మొత్తం వింది.